పేజీ లేని ఊరు

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే, టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు ఎవరో ఒకరు అననే అంటారు: "మన వార్తలు ఎందుకు వెయ్యరండీ ఈ పేపరోళ్లు?" జవాబులు కూడా అక్కడే తయారుగా ఉంటాయి. ఒడిశా వాళ్లమని చిన్నచూపు. విలేకరి చెయ్యి తడపలేదు. ఆ పత్రిక ఫలానా పార్టీది. మూడింటిలోనూ కాస్తో కూస్తో నిజం ఉండొచ్చు, కాదనను. కానీ వార్తలు దిద్ది పేజీలు పేర్చే డెస్కులో రాత్రి పని ఎలా సాగుతుందో ఎరిగినవాళ్లకు ఈ మూడూ పైపై కారణాలే. మీ వార్తను ఎవరూ చదివి పక్కన పడెయ్యలేదు. చాలాసార్లు అది చదివే మనిషి దాకా వెళ్లనే లేదు. వెళ్లినా, దాన్ని పెట్టడానికి పేజీ లేదు.

ముందు వార్తలు వస్తాయి, వాటిలో మంచివి ఏరి పేజీల్లో పేరుస్తారు అని పాఠకుడు అనుకుంటాడు. జరిగేది తిరగేసి. సాయంత్రం ఐదారు గంటలకల్లా ప్రకటనల విభాగం నుంచి డమ్మీ వస్తుంది. ఏ పేజీలో ఎంత మేర ప్రకటన ఉందో గీతలు గీసి చూపించే కాగితం అది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీదే వస్తుంది. మిగిలిన ఖాళీకే వార్త కావాలి. ఆ ఖాళీ ఎంతుంటుందో ఒకసారి లెక్క కడదాం.

మన పత్రికల్లో నిండు పేజీ ప్రకటన అంటే సుమారుగా 33 సెంటీమీటర్ల వెడల్పు, 52 సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని అడ్డంగా మడిస్తే జిల్లా టాబ్ పేజీ, అంటే మెయిన్ పేపరుతో పాటు వచ్చే జిల్లా చిన్న పత్రికలో ఒక పేజీ. మడత దగ్గరి ఖాళీ పోగా దాదాపు 825 చదరపు సెంటీమీటర్లు. అందులో సగానికి ఏ కాలేజీ అడ్మిషన్ల ప్రకటనో, నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలో వచ్చిందనుకోండి, మిగిలేది 410 చిల్లర. ఒక మోస్తరు ఫొటోకు వంద పోతుంది. హెడ్డింగులకు, గీతలకు, మధ్య ఖాళీలకు మరో తొంభై. అక్షరాలకు దక్కేది 220. కాలమ్ వెడల్పు నాలుగు సెంటీమీటర్లు అనుకుంటే అది 55 సెంటీమీటర్ల పొడుగు. సెంటీమీటరుకు రెండున్నర వరుసలు, వరుసకు మూడు తెలుగు మాటలు. పేజీ మొత్తానికి నాలుగు వందల మాటలు! పేజీలో పెద్ద వార్త, అంటే లీడ్ ఐటమ్, నూట యాభై తినేస్తే, మిగతావి యాభయ్యేసి మాటల సింగిల్ కాలమ్‌లు ఐదు. ఒక మండలం నుంచి రోజుకు వచ్చే వార్తలే అంతకంటే ఎక్కువ.

కాబట్టి "ఇది ముఖ్యమైన వార్తా?" అన్న ప్రశ్న, వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ ముందుకు ఒంటరిగా ఎప్పుడూ రాదు. "ఈ ఐదింటిలో దేన్ని తీసేసి దీన్ని పెట్టను?" అన్న రూపంలో వస్తుంది. ఆ ఐదూ ఏ పేజీవి, ఆ పేజీ ఎవరి ఇంటికి వెళ్తుంది అన్నదే తీర్పు. ప్రకటనలు తక్కువున్న రోజు రక్తదాన శిబిరానికి కూడా మూడు కాలమ్‌ల ఫొటో దొరుకుతుంది. దసరా ముందు మాత్రం తాగునీటి ఎద్దడి కూడా రెండు మూడు వరుసల బ్రీఫ్‌లోకి జారుతుంది. వార్త విలువ ఒక్కరోజులో మారిపోలేదు, ఖాళీ మారింది.

అరవై డెబ్బై ఏళ్లుగా జర్నలిజం పాఠాల్లో చెబుతున్నది వేరు. 1950లో డేవిడ్ మానింగ్ వైట్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక చిన్న పట్టణపు పత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే సంపాదకుడి చేత, వారం రోజుల పాటు తీసి పారేసిన ప్రతి వార్త మీదా కారణం రాయించాడు. వచ్చినవాటిలో పదింట తొమ్మిది వంతులు చెత్తబుట్టకే వెళ్లాయి. కారణాల్లో కొన్ని ఆ సంపాదకుడి సొంత ఇష్టాయిష్టాలు. ఏ వార్తను లోపలికి వదలాలో తేల్చే మనిషికి 'గేట్ కీపర్' అన్న మాట అప్పటి నుంచి స్థిరపడింది. 1965లో గాల్టుంగ్, రూజ్ అనే ఇద్దరు నార్వే పరిశోధకులు దూరం, సంఖ్య, పెద్ద మనుషులు, చెడు వార్త అంటూ ఏ లక్షణాలున్న సంఘటన వార్త అవుతుందో విడగొట్టి చెప్పారు. రెండూ మంచి పరిశీలనలే. కానీ సరిహద్దు ఊళ్లకు వచ్చేసరికి వాటితో పని సగమే అవుతుంది. గేటు దగ్గర మనిషి సంగతి వాళ్లు చెప్పారు. మన బాధ గేటు ఏ జిల్లాలో కట్టారన్నది.

ఆ గేటు ఎప్పుడు కట్టారో చెప్పొచ్చు. 1974 ఆగస్టులో 'ఈనాడు' విశాఖపట్నంలో మొదలైంది. తెలుగు దినపత్రికను నగరం నుంచి ఊళ్లకు మళ్లించిన మలుపు అది. 1989లో అదే పత్రిక జిల్లాకో చిన్న పత్రికను మెయిన్‌తో పాటు జత చేసింది. మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. 2008 మార్చిలో 'సాక్షి' ఒకేసారి ఇరవై మూడు ఎడిషన్లతో దిగింది. ఊరి బోరు చెడిపోతే పేపర్లో రావడం అన్నది ఈ జిల్లా టాబ్ తెచ్చిన వరమే. దేశంలో చాలా భాషల వాళ్లు మనల్ని చూసి నేర్చుకున్నారు. అయితే జిల్లాకు పేజీ ఇచ్చిన రోజే జిల్లా గట్టు దగ్గర గోడ కూడా లేచింది. పాతపట్నం వార్త శ్రీకాకుళం టాబ్‌లో వస్తుంది. మహేంద్రతనయ దాటి నాలుగు అడుగులు వేస్తే పర్లాకిమిడి. భాష అదే, బంధువులూ అటూ ఇటూ వాళ్లే, టాబ్ మాత్రం లేదు. కొన్ని పత్రికలు ఒడిశా పేరుతో ఒక పేజీ నడుపుతాయి, నిజమే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి అన్నీ కలిపి ఆ ఒక్క పేజీలో సర్దుకోవాలి. పైన కట్టిన లెక్కను ఐదుతో భాగించి చూసుకోండి.

ఇంకో తిరకాసు: ఎడిషన్ గీతలు ప్రెస్సుకు అనువుగా గీస్తారు, మన రాకపోకలకు కాదు. గజపతి, గంజాం జిల్లాలు శ్రీకాకుళం డెస్కు వైపు చూస్తాయి. రాయగడ, కోరాపుట్‌లు విజయనగరం, పార్వతీపురం వైపు. బరంపురంలో తెలుగు బడి వార్త రాయగడ తెలుగువాడికి కనబడదు. దక్షిణ ఒడిశా తెలుగువాళ్లందరికీ ఉమ్మడి సమస్య ఒకటుందని వాళ్లకే తెలియకుండా పోవడానికి ఈ గీతలది చిన్న పాత్రేమీ కాదు.

విలేకరిని తిట్టే ముందు ఆయన పరిస్థితీ చూడాలి. చాలామంది స్టాఫ్ కాదు, కంట్రిబ్యూటర్లు. జీతం ఉండదు. అచ్చయిన వరుసల లెక్కన ఇచ్చే డబ్బు, అంటే లైనేజీ, తెచ్చిన ప్రకటన మీద కమీషన్. చందాల టార్గెట్ వేరే. లైనేజీ అచ్చయినదానికే గానీ తిరిగినదానికి రాదు. గుణుపురం నుంచి ముప్ఫై కిలోమీటర్లు బండి మీద వెళ్లి సవర గూడెంలో నీటి సమస్య రాసుకొస్తే, అది నాలుగు వరుసలై వస్తే పెట్రోలు కూడా రాదు. పోలీసు స్టేషన్ వాట్సాప్‌లో పంపిన గంజాయి పట్టివేత ఫొటోతో సహా కూర్చున్నచోటికే వస్తుంది, డబుల్ కాలమ్ ఖాయం. ఎవరైనా ఏది రాస్తారు? వెనకటి రోజుల్లో, ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికి న్యూస్ కవరు ఇచ్చి పంపే కాలంలో కవరు ఒక్కటే వెళ్లేది, కాబట్టి ఏరి రాసేవారు. ఇప్పుడు పంపడం సులువు. దాంతో డెస్కులో కుప్ప పెరిగింది, కుప్ప కింది వార్త ఇంకా లోతుకు పోయింది.

గోడ దాటి వచ్చే వార్తలు కూడా ఉన్నాయి. 'ఏఓబీ' డేట్‌లైన్‌తో వచ్చేవి. డేట్‌లైన్ అంటే వార్త మొదట్లో వేసే ఊరి పేరు. ఏఓబీ ఆంధ్రా ఒడిశా బోర్డర్ అన్న మాటకు పొట్టిరూపం. ఆ పేరుతో ఊరేమీ లేదు, పంచాయతీ లేదు, బడి లేదు, రేషన్ షాపు లేదు. తెలుగు పత్రికలో మాత్రం ఏఓబీలో ఎదురుకాల్పులు జరుగుతాయి, గంజాయి పండుతుంది, డంప్ దొరుకుతుంది. మనుషులున్నచోటికి ఊరి పేరు పెడతాం, సంఘటనలు మాత్రమే ఉన్నచోటికి ఇలాంటి పొడి అక్షరాలు పెడతాం. నాకు ఆ పేజీలో అన్నిటికంటే గుచ్చుకునేది అదే.

2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకెళ్లినప్పుడు ఆ జిల్లా పేరు తెలుగు ఇళ్లల్లో మారుమోగింది. కలెక్టర్, పైగా తెలుగువాడు, పైగా రోజుల తరబడి సాగిన ఉత్కంఠ. పేజీ తనంతట తనే దొరుకుతుంది. అదే జిల్లాలో బలిమెల జలాశయం వచ్చాక బయటి ప్రపంచంతో దారి తెగిపోయిన నూట యాభై ఒక్క ఊళ్లకు 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచారు. పొడవు 910 మీటర్లు. శంకుస్థాపన నాటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఎదురుచూపు. ఆ జలాశయం రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు, దాని నీళ్లతో ఆంధ్రకూ కరెంటు వస్తుంది. అయినా వంతెన వార్తలో "మనవాడు" లేడు. డెస్కు భాషలో దాన్ని 'లోకల్ యాంగిల్ లేదు' అంటారు.

వేళ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు. విశాఖ నుంచి బరంపురం సుమారు 270 కిలోమీటర్లు. దారిలో ప్రతి సెంటర్లో కట్టలు దించుకుంటూ జీపు వెళ్లాలంటే ఐదారు గంటలు. తెల్లారి ఆరింటికి గుమ్మంలో పేపరు పడాలంటే అర్ధరాత్రి కల్లా బండి కదలాలి, పదకొండుకు మిషన్ తిరగాలి, పదికి పేజీలు వెళ్లిపోవాలి. దూరం వెళ్లే కాపీ ముందు అచ్చవుతుంది, అంటే అందులో వార్త ముందే ఆగిపోతుంది. అందుకే దూరపు పాఠకుడికి ఎప్పుడూ పాత పేపరే అందుతుంది. సిటీ ఎడిషన్‌లో ఉన్న క్రికెట్ ఫలితం సరిహద్దు కాపీలో లేకపోవడం దీనివల్లే.

2017 జనవరి 21న హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. ఊరు అప్పటి విజయనగరం జిల్లా అంచున, రాయగడకు దగ్గర్లో. చనిపోయినవాళ్లు నలభై మంది దాకా. జరిగింది రాత్రి పదకొండు ప్రాంతంలో. ఆ వేళకు టాబ్ పేజీలు వెళ్లిపోయి ఉంటాయి, మెయిన్‌లో కూడా దూరపు కాపీలు మిషన్ మీద ఉంటాయి. సంఘటన ఎక్కడ జరిగిందో ఆ చుట్టుపక్కల వెళ్లే పేపరులోనే అది లేకపోయే అవకాశం ఎక్కువ, వంద మైళ్ల అవతలి నగరపు కాపీలో ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో కుట్ర లేదు. ట్రాన్స్‌పోర్ట్ చార్టు ఉంది.

తిత్లీ తుపాను మరో రకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ పొద్దుటి పేపరు అప్పటికే బయల్దేరింది. మర్నాటి పేపరంతా ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి. అది న్యాయమే, అక్కడ తోటలకు తోటలు నేలకొరిగాయి. అదే తుపాను కొండలెక్కి గజపతి జిల్లాలో కుండపోతగా కురిసింది. బారఘర అనే ఊళ్లో తలదాచుకున్న మనుషుల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. దారులు, ఫోన్లు తెగిపోవడంతో ఆ కబురు వెంటనే బయటికి రాలేదు. వచ్చేసరికి డెస్కులో తుపాను కథ 'నష్టపరిహారం, సీఎం పర్యటన' దశకు చేరిపోయింది. ప్రతి పెద్ద సంఘటనకూ డెస్కులో ఒక వరస ఉంటుంది: మొదటి రోజు దెబ్బ, రెండో రోజు లెక్క, మూడో రోజు నాయకులు, నాలుగో రోజు ఆరోపణలు. మూడో రోజు అందిన చావు కబురు మొదటి రోజు పేజీకి వెనక్కి వెళ్లలేదు.

ఒకే సంఘటన రెండు వార్తలయ్యేది, రెండు రాష్ట్రాలూ తమవే అనే కొఠియా ఊళ్లలో. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు అని ఒడిశా వాళ్లంటారు, సాలూరు మండలం అని ఆంధ్రా వాళ్లు. 1968లో ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2006లో ఆ దావా తేలకుండానే ముగిసింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు ఒడిశా ప్రభుత్వం 'కోర్టు ధిక్కారం' అంటూ మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఇప్పుడు ఊళ్ల పేర్లు చూడండి. ఆంధ్ర నోటిఫికేషన్‌లో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు. ఒడిశా కాగితాల్లో గంజేయిపదర్, ఫట్టుసెనారి, ఫగుణసెనారి. సబ్ ఎడిటర్ వీటిలో ఒక పేరు టైపు చేసిన క్షణమే వార్త ఏదో ఒక పక్క ఒరిగిపోయింది, తర్వాత రాసే వాక్యాలు ఎంత సమతూకంగా ఉన్నా సరే. తెలుగు పత్రికకు అది 'మన గిరిజనులకు ఓటు', ఒడియా పత్రికకు అది 'చొరబాటు'. రెండు రాష్ట్రాల్లోనూ ఓటున్న ఆ ఊరి మనిషికి ఏ రేషన్ కార్డు మీద బియ్యం బాగున్నాయన్నది అసలు వార్త. అది ఎప్పుడో ఒకసారి ఆదివారం ఫీచర్‌లో కనబడుతుంది.

మరి ఒడియా పత్రికలు? బరంపురానికి పత్రికల్లో పాత చరిత్రే ఉంది. శశిభూషణ్ రథ్ 1913లో 'ఆశ' పత్రిక పెట్టింది అక్కడే. ఇవాళ్టి ఒడియా దినపత్రికల్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర నిండుగా వస్తుంది. అందులో ముందు నడిచే దేరా నేత కులంవారి ఇళ్లలో తెలుగు వినబడుతుంది. పండగ వస్తుంది, పట్టుచీర వస్తుంది. ఆ ఇంటి పిల్లవాడి తెలుగు వాచకం రాలేదన్నది రాదు. అది చదివే పాఠకుడు తనవాడు కాదని ఒడియా డెస్కు అనుకుంటుంది, మనవాడు కాదని తెలుగు డెస్కు అనుకుంటుంది.

చిత్రమేమిటంటే ఇవాళ తెలుగు పత్రిక రాసే వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఈ పర్లాకిమిడిలో ఉండే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలవడం సహించలేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఏటా ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న పర్లాకిమిడికి తెలుగు పేపర్లో చోటు దొరుకుతుంది, 30న పోతుంది. ఇంకా వెనక్కి వెళ్తే, కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక' మొదలుపెట్టింది 1908లో, బొంబాయిలో. పాఠకుడు ఏ జిల్లావాడో అడగని పత్రిక అది. అడిగితే పత్రికే లేదు.

ఇక మన చేతిలో ఉన్నది చూద్దాం. సంఘాల వాళ్లు పంపే ప్రెస్ నోట్ చాలావరకు ఇలా ఉంటుంది:

"ఫలానా తెలుగు సాంస్కృతిక సంఘం ఆధ్వర్యంలో ఆదివారం సాయంత్రం స్థానిక కల్యాణ మండపంలో సంఘం అధ్యక్షులు శ్రీ ఫలానా వారి అధ్యక్షతన కార్యవర్గ సమావేశం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథిగా శ్రీ ఫలానా వారు విచ్చేసి జ్యోతి ప్రజ్వలన గావించారు..." ఐదో పేరాలో, పదకొండు పేర్ల తర్వాత: "తెలుగు పాఠశాలల్లో ఉపాధ్యాయుల కొరత తీర్చాలని తీర్మానించారు."

డెస్కులో కోత ఎప్పుడూ కింది నుంచే పడుతుంది. చోటు చాలకపోతే చివరి పేరా, ఇంకా చాలకపోతే దాని పైది. మొదటి పేరాలోని జ్యోతి మిగిలింది, ఐదో పేరాలోని మాస్టారు పోయారు. మిగిలినదాన్ని చూసి, ఇది వార్తేనా అని సబ్ ఎడిటర్ దాన్నీ తీసేశాడు. తప్పు ఆయనది అనగలమా?

ఊరి పేరు, బడి పేరు, అంకెలు మీవి పెట్టుకుని దాన్నే ఇలా రాయండి: "ఆ బడిలో ఐదు తరగతులు, ఎనభై మంది పిల్లలు, తెలుగు చెప్పే మాస్టారు ఒక్కరు. ఆయన వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆ తర్వాత పిల్లలు పాతపట్నం బడికి నది దాటి వెళ్లాలి." ముప్ఫై మాటలు కూడా లేవు, సింగిల్ కాలమ్‌లో ఇంకా చోటు మిగిలింది. మొదటి వాక్యంలో పిల్లలున్నారు, రెండో దానిలో గడువుంది, మూడో దానిలో పాతపట్నం ఉంది. ఆ పాతపట్నమే దాన్ని శ్రీకాకుళం టాబ్‌లోకి ఎక్కించే టిక్కెట్టు. ఫొటో అయితే వేదిక మీద కోట్లు వేసుకుని వరసగా నిలబడ్డ పెద్దలు వద్దు. ఒకే గదిలో ఐదు తరగతులు కూర్చున్నది, పగటి వెలుతురులో, అడ్డంగా పట్టుకుని తీసింది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపింది కావాలి. ఫొటోగా పంపితే నాణ్యత కుదించుకుపోయి అచ్చులో మసకబారుతుంది. ఇలా చెయ్యడం పత్రిక లోపాన్ని మనం మొయ్యడమే అని కొందరంటారు. అవును, అంతే. మోస్తే వస్తుంది, మొయ్యకపోతే రాదు.

పంపే వేళ మధ్యాహ్నం మూడు లోపు. ఐదు దాటితే డమ్మీ వచ్చేస్తుంది, ఏడు దాటితే ఎక్కించడానికి ఏదో ఒకటి దించాలి. ఆదివారం ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి అధికారిక వార్తలు తక్కువ, సోమవారం పేపరుకు ఐటమ్‌లు కావాలి. ఆదివారం పొద్దున్నే పంపినదానికి మిగతా రోజుల కంటే మంచి చోటు దొరుకుతుంది. ఒకే నోట్‌ను అన్ని పత్రికల వాళ్లున్న గ్రూపులో వేస్తే అందరూ వేస్తారని అనుకోకండి. ఒకరికి ముందు ఇచ్చి చూడండి. మర్నాడు రెండో పత్రిక డెస్కు 'ఇది మనకు మిస్సయింది' అని విలేకరిని తప్పకుండా అడుగుతుంది. పత్రికలు ఒకదాన్ని చూసి ఒకటి భయపడినంతగా పాఠకుణ్ణి చూసి భయపడవు.

చందా కట్టేటప్పుడు కూడా ఒక మాట. అద్దె పేపరు, రీడింగ్ రూమ్ పేపరు, టీకొట్టు పేపరు పదిమంది చదివినా లెక్కలో ఒక్క కాపీయే. పేజీ ఇవ్వాలా వద్దా అన్నది కాపీల సంఖ్య చూసి తేలుస్తారు, చదివేవాళ్ల సంఖ్య చూసి కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చాలా పత్రికలు జిల్లా టాబ్‌లను మెయిన్‌లో కలిపేసి పేజీలు తగ్గించాయి. కోత పడేటప్పుడు మొదట తగ్గేది కాపీలు పలచగా ఉన్నచోటి చోటే. బరంపురంలో వంద ఇళ్లు ఒకే ఏజెంట్ దగ్గర ఏడాది చందా ఒకేసారి కడితే సర్క్యులేషన్ మేనేజర్ ఫోన్ ఎత్తుతాడు. సంపాదకుడికి రాసిన ఉత్తరం కంటే ఆ ఫోన్‌కు బలం ఎక్కువ. చెప్పడానికి బాగోలేదు గానీ పరిస్థితి అదే.

వచ్చిన వార్తలో మన ఊరిని తప్పుగా రాస్తే మాత్రం ఉత్తరమే దారి. ముందు సంపాదకుడికి రాతపూర్వకంగా, తేదీ, పేజీ, ఎడిషన్ పేరు వేసి పంపాలి. ఎడిషన్ పేరు తప్పనిసరి, ఎందుకంటే ఆ వార్త పక్క ఎడిషన్‌లో అసలు లేకపోవచ్చు. సరిచెయ్యకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపు, కత్తిరింపు జతచేసి. పేపరును పప్పు పొట్లానికి వాడేముందు ఆ పేజీ పక్కన తీసిపెట్టుకోండి. ఈ-పేపర్‌లో పాత తేదీలు కొన్నాళ్లకు తెరుచుకోకపోవచ్చు.